మిషన్ల హోరులో పాట

1939 సెప్టెంబర్‌లో రెండో ప్రపంచ యుద్ధం మొదలవగానే బ్రిటన్‌లో బీబీసీ టెలివిజన్ ఆపేసింది. రేడియో ప్రసారాలన్నీ కలిపేసి హోమ్ సర్వీస్ పేరుతో ఒక్క స్టేషన్ మిగిల్చింది. వెరైటీ విభాగం వాళ్ళు లండన్ వదిలి బ్రిస్టల్‌కి మూటాముల్లె సర్దుకున్నారు. ఆ తొలి వారాల్లో శ్రోతలకి దక్కినవి వార్తలు, ప్రభుత్వ ప్రకటనలు, వాటి మధ్య శాండీ మాక్‌ఫర్సన్ థియేటర్ ఆర్గాన్. పాపం ఆయన గంటల తరబడి వాయిస్తూనే ఉన్నాడు. విసుగెత్తిన జనం ముల్లు తిప్పి, జర్మనీ నుంచి ఇంగ్లీషులో వచ్చే లార్డ్ హా-హా అనే ప్రచారకుడి వెక్కిరింతలు వినసాగారు. జనానికి నవ్వూ పాటా అందించకపోతే వాళ్ళు శత్రువు మాటైనా వింటారని బీబీసీ పెద్దలకి అప్పుడు తెలిసొచ్చింది. 1940 జనవరిలో ఫోర్సెస్ ప్రోగ్రామ్ పెట్టారు. అది సైనికుల కోసమే అన్నా, ఇళ్ళలో ఉన్నవాళ్ళూ దాన్నే పెట్టుకునేవారు.

ఆ దేశమూ ఆ కాలమూ నావి కావు. అయినా ఆనాటి రికార్డింగులు దొరికితే వదలను. వినేవాళ్ళు ఎక్కడున్నారో, ఏ అలసటలో ఉన్నారో ముందు తెలుసుకుని, దానికి తగ్గట్టు పాటనీ మాటనీ కొలత తీసి కత్తిరించిన ఆ పనితనమంటే నాకు అంత గౌరవం.

ఆ పనితనం బాగా కనబడేది ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ కార్యక్రమంలో. ఫ్రాన్స్ జర్మనీతో సంధి మీద సంతకం పెట్టిన మర్నాడు, 1940 జూన్ 23న, అది మొదలైంది. ఆయుధాలు, విమానాలు తయారయ్యే ఫ్యాక్టరీల కోసం ఉదయం పదిన్నరకి అరగంట, మధ్యాహ్నం మూడింటికి అరగంట. రెండూ చేతులు మందగించే వేళలే. తర్వాత రాత్రి షిఫ్టుకీ ఒకటి కలిపారు. పాటకీ పాటకీ మధ్య ప్రకటనలు లేవు, కబుర్లు లేవు. ఆగకుండా సంగీతమే.

స్వయంగా బ్యాండ్ నడిపిన విన్‌ఫర్డ్ రేనాల్డ్స్‌కి 1941లో దీని బాధ్యత అప్పగించారు. ఫ్యాక్టరీ గోడల మీది లౌడ్‌స్పీకర్లలోంచి వచ్చే సంగీతం మిషన్ల చప్పుడులో ఏమవుతుందో ఆయన పట్టించుకున్నాడు. తక్కువ ధ్వనితో వాయించిన చోటు అక్కడ వినబడదు. కార్మికుల చెవికి పాట తెగిపోయినట్టే. కాబట్టి ధ్వని ఎక్కడా తగ్గకూడదు. లయ సాగకూడదు, పరుగెత్తకూడదు. వరస స్పష్టంగా, తెలిసినదై ఉండాలి. నిద్ర తెప్పించే నిదానం వాల్ట్జ్‌లు వద్దు. తుపాకి పేలినట్టుండే డ్రమ్ము దెబ్బలు అసలే వద్దు. రాత్రంతా బాంబులు విన్నవాళ్ళు పొద్దున పనిలోకొచ్చి అదే చప్పుడు ఎలా భరిస్తారు? ‘డీప్ ఇన్ ది హార్ట్ ఆఫ్ టెక్సస్’ అనే పాటలో చప్పట్లు కొట్టే చోటు ఒకటుంది. అది రాగానే చేతిలో ఏ పనిముట్టు ఉంటే దాంతో బల్ల మీదో, మిషన్ మీదో కొట్టేస్తారని ఆ పాటనే తీసేశారు.

ఈ నియమాలు చదివి ఇది సంగీతానికి సంకెళ్ళు వేయడమే అనేవాళ్ళున్నారు. నేనొప్పుకోను. స్వరం సన్నగిల్లి మళ్ళీ లేచే చోటే వాద్యకారుడు తన నేర్పు చూపిస్తాడు. ఆ చోటు వదులుకుని కూడా అరగంట పాటు సంగీతం మొద్దుబారకుండా వాయించాలంటే ఎంత సాధన కావాలి! మన పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్ళు తమ పాట తామే పాడుకుంటారు, వంగి లేచే తీరే వాళ్ళకి లయ. లేత్ మిషన్ దగ్గర నిలబడ్డ మనిషికి తన గొంతే వినబడదు. పాట బయటినుంచి రావాల్సిందే. వచ్చేది తన పనిని చెడగొట్టనిదై ఉండాలి.

నవ్వించడంలోనూ ఇంతే శ్రద్ధ. హాస్యనటుడు టామీ హ్యాండ్లీ నడిపిన రేడియో హాస్య కార్యక్రమం ‘ఇట్మా’ని టెడ్ కవానా రాసేవాడు. ఆ వారం వార్తలు వేడి చల్లారకముందే స్క్రిప్టులో పడేవి. యుద్ధం మొదట్లో హ్యాండ్లీ వేషం చికాకులకీ రహస్యాలకీ మంత్రి! రేషన్లతో, ఫారాలతో విసిగిన జనానికి అంతకన్నా ఏం కావాలి? ఫన్ఫ్ అనే జర్మన్ గూఢచారి గొంతు కోసం జాక్ ట్రెయిన్ ఒక గాజు గ్లాసులోకి మాట్లాడేవాడు. ఆ ఉపాయంతో పుట్టిన గొంతుని దేశమంతా అనుకరించింది. భయపెట్టాల్సిన గూఢచారి నవ్వులపాలయ్యాడు.

గాయని వెరా లిన్ సంగతి వేరు. 1941 నవంబర్‌లో మొదలైన ‘సిన్సియర్లీ యువర్స్’ని సైనికులకి రాసే ఉత్తరంలా నడిపారు. ఆమె ఆసుపత్రులకి వెళ్ళి, కొత్తగా బిడ్డల్ని కన్న తల్లుల్ని చూసొచ్చి, దూరాన ఉన్న తండ్రులకి ఆ కబురు చెప్పేది. ఇంటిని తలపించే ఆమె పాటలు సైనికుల గుండె మెత్తబరుస్తాయని పెద్దమనుషులు గోలపెట్టారు. బీబీసీ బోర్డు తన అసంతృప్తినీ, కార్యక్రమానికున్న జనాదరణనీ ఒకే వాక్యంలో మినిట్స్‌కెక్కించింది. 1942లో మరీ జాలిగా సాగే పాటల్ని వడకట్టడానికి ఒక కమిటీ కూడా వేశారు. నా దృష్టిలో ఆ పెద్దలు పొరబడ్డారు. ఇంటిని తలుచుకున్నంత మాత్రాన సైనికుడు పారిపోడు. 1944లో ఆమె బర్మా వెళ్ళి పద్నాలుగో సైన్యం ముందు పాడింది. ఆ సైన్యంలో ఎక్కువమంది మన దేశపు సిపాయిలే. ఆ పాటలు వాళ్ళ కోసం కట్టినవి కావని, ఆమెని వింటున్నప్పుడల్లా నాకు గుర్తొస్తూనే ఉంటుంది.

ఈ వినోదం ఇచ్చినవాళ్ళు క్షేమంగా ఏమీ లేరు. 1941 మార్చిలో లండన్‌లోని కెఫే డి పారిస్ మీద పడ్డ బాంబులకి బ్యాండ్ నాయకుడు కెన్ జాన్సన్ చనిపోయాడు. ఏప్రిల్‌లో గాయకుడు అల్ బౌలీ పోయాడు. బ్రిస్టల్ మీదా బాంబులు పడ్డాక వెరైటీ విభాగం వేల్స్‌లోని బ్యాంగర్‌కి మారి పని సాగించింది.

1949 జనవరిలో హ్యాండ్లీ కన్నుమూశాడు. ‘ఇట్మా’ ఆయనతోనే ఆగింది. ఆ హాస్యనటుడికి సెయింట్ పాల్స్ కెథడ్రల్‌లో సంస్మరణ ప్రార్థనలు జరిగాయి. యుద్ధం కోసం పుట్టిన ‘మ్యూజిక్ వైల్ యూ వర్క్’ మాత్రం యుద్ధం ముగిశాక ఇంకో ఇరవై రెండేళ్ళు, 1967 దాకా నడిచింది.