గోడ అవతలి గొంతులు: మలివయసు మతిచలనం, మన కథకులు

ఆ మధ్య ఒక కథాగోష్ఠిలో ఒక యువరచయిత తన కథ చదివాడు. అరవై దాటిన వితంతువు ఒంటిగదిలో కాపురం వుంటుంది. పక్క వాటావాళ్లు గోడలోంచి పొగ వదులుతున్నారనీ, రాత్రంతా తనను తిట్టిపోస్తున్నారనీ ఆమె నమ్మకం. సగం దాకా కథ చక్కగా నడిచింది. సగం దాటాక ఆమె కొడుకు పేరు మరిచిపోతుంది, తర్వాత తన ఇల్లే మరిచిపోతుంది, చివరకు వీధుల్లో తప్పిపోతుంది. చప్పట్లు మోగాయి. ఈ వ్యవస్థ వృద్ధుల మతి ఎట్లా పోగొడుతున్నదో రచయిత చూపాడని చర్చలో నలుగురు మెచ్చుకున్నారు. ఆనాడు సమయం చాలక చెప్పలేకపోయిన మాట ఇక్కడ రాస్తున్నాను. రచయిత రెండు జబ్బులను తెచ్చి ఒకే మనిషికి అంటగట్టాడు. మొదటి సగంలో వున్న స్త్రీ వేరు, రెండో సగంలో వున్న స్త్రీ వేరు.

అది వైద్యుల గొడవ, సాహిత్యానికేం పట్టింది అని కొందరనవచ్చు. ఊడ్పులైన మర్నాడే కోతలు కోయించే రైతుకథను మనం వాస్తవికత పేరిట ఒప్పుకుంటామా? పొలం విషయంలో లేని ఉదారత మనిషి మెదడు విషయంలో ఎందుకు?

ఈ పొరపాటు నిన్న మొన్నటిది కాదు. జర్మన్ వైద్యుడు క్రెపెలిన్ 1899 నాటి తన గ్రంథంలో ఈ జబ్బును డిమెన్షియా ప్రీకాక్స్ పేరుతో వివరించాడు. అకాలంలో వచ్చే బుద్ధిక్షయం అని అర్థం. అంటే ఆ పేరే ఒక తీర్పు: పడుచు వయసులో వస్తుంది, వచ్చాక బుద్ధి నశిస్తుంది. అందరికీ పడుచు వయసులోనే రాదనీ, అందరి బుద్ధీ నశించదనీ వాదించి, బ్లాయిలర్ 1908లో స్కిజోఫ్రెనియా అన్న మాట తెచ్చాడు. ఆయన కొడుకు మాన్‌ఫ్రెడ్ 1943లో, నలభై దాటాక మొదలయ్యేవారి సంగతి విడిగా రాశాడు. ఇంగ్లాండులో మార్టిన్ రాత్ 1955లో, అరవై దాటాక తొలిసారిగా ఇట్లాంటి అనుమానాలూ గొంతులూ మొదలయ్యేవారిని వృద్ధాప్యపు మతిమరుపు రోగుల నుంచి వేరుచేశాడు. అంతవరకూ ఆ వృద్ధులందరినీ ఒకే గాటన కట్టేవారు. మన కథాగోష్ఠి ఇంకా 1955కు ఇవతలికి రాలేదన్నమాట.

అయితే మెదడులో ఏ మార్పూ లేదా? ఉంది. 1976లో లండన్ దగ్గర నార్త్‌విక్ పార్క్‌లో ఈవ్ జాన్‌స్టన్ బృందం, ఏళ్ల తరబడి ఆస్పత్రిలో వుండిపోయిన స్కిజోఫ్రెనియా రోగుల మెదళ్లను అప్పుడే కొత్తగా వచ్చిన సి.టి. స్కాన్‌తో చూసింది. మెదడు లోపల ద్రవం నిండివుండే గదులు ఆ రోగుల్లో పెద్దవై వున్నాయి. ఆ పెద్దరికానికీ బుద్ధి మాంద్యానికీ సంబంధం కనిపించింది. మలివయసులో మొదలైనవారిలోనూ సగటున ఈ మార్పు కనిపిస్తుంది. సగటున అన్న మాట మరవకూడదు. ఒక ముసలమ్మ స్కాన్ ఒక్కటీ వెలుతురుకు ఎత్తి పట్టుకొని, ఇదిగో ఈమె పిచ్చి అని చూపించగల డాక్టరు లేడు.

కథకుడికి స్కాన్‌కన్నా పనికొచ్చే సంగతి మరొకటుంది. మలివయసు స్కిజోఫ్రెనియాలో బుద్ధి కుంటుపడుతుంది గాని, ఆ కుంటడానికి ఒక తీరు వుంది. ధ్యాస నిలవడం కష్టం. ఒక పనిలోంచి ఇంకో పనిలోకి మళ్లడం, పథకం వేసుకోవడం కష్టం. కొత్త విషయం ఒకసారి చెబితే ఎక్కదు, నాలుగుసార్లు చెప్పాలి. కాని ఎక్కింది చాలావరకు నిలుస్తుంది. అల్‌జైమర్ వ్యాధిలో నేర్చింది నేర్చినట్టే జారిపోతుంది. మొదటి స్త్రీ కొడుకు పేరు మరవదు. పాలవాడి బాకీ మరవదు. పక్కింటివాళ్లు ఏ రాత్రి ఏమన్నారో తేదీలతో సహా అప్పజెబుతుంది. ఆమె మాటల్లో పొంతన కూడా చెడదు. పడుచు వయసు రోగుల్లో కనిపించే మాటల చిందరవందర ఇక్కడ తక్కువ. గోడలోంచి మనుషులో పొగో చొరబడుతున్నారన్న నమ్మకం మాత్రం పదేపదే కనిపిస్తుంది.

అరవై దాటాక మొదలైన కొందరిలో కొన్నేళ్లకు మతిమరుపు జబ్బు బయటపడేమాట నిజమే. 2000లో వివిధ దేశాల నిపుణులు కూర్చుని, నలభై దాటిన వారికి ఒక పేరు, అరవై దాటిన వారికి వేరొక పేరు పెట్టుకున్నదీ ఇట్లాంటి తేడాల వల్లనే. అల్‌జైమర్ పరీక్షించిన ఫ్రాంక్‌ఫర్ట్ స్త్రీ సంగతి చూడండి. 1901లో ఆస్పత్రికి వచ్చేనాటికి ఆమెకు 51 ఏళ్లు. జబ్బు మొదలైంది భర్త మీద అనుమానంతో. 1906లో ఆమె చనిపోయాక మెదడులో కనిపించినదే ఆ వ్యాధికి గుర్తుగా నిలిచింది. కాబట్టి అనుమానం ఒక్కటే ఏ జబ్బు అన్నది చెప్పదు. మన యువరచయిత రెండో సగం అసాధ్యమని నేననడం లేదు. రెండు పేజీల్లో, ఒక్క చలికాలంలో, పిచ్చికి సహజమైన ముగింపులాగా రావడం అబద్ధమంటున్నాను.

చర్చలో మెచ్చుకున్న నలుగురిదీ మరో పొరపాటు. 1960లలో ఆర్.డి. లాంగ్ రాతలు ప్రపంచమంతటా రచయితలను ఆకర్షించాయి. పిచ్చి అన్నది పిచ్చి సమాజానికి సమాధానమన్న మాట మనకూ నచ్చింది. నచ్చడానికి కారణముంది, అందులో సత్యం పాలు వుంది. కాని ముసలమ్మను ప్రతీకగా మార్చిన మరుక్షణం ఆమెను వినడం మానేస్తాం. ప్రతీకకు మందు అక్కర్లేదు కదా! నిజంగా సామాజికమైన సంగతి వేరేచోట వుంది. ఈ జబ్బు మలివయసులో మగవారికన్నా స్త్రీలకు ఎక్కువ. వినికిడి తగ్గినవారిలో, ఒంటరులలో ఎక్కువగా కనిపిస్తుంది. సగం వినిపించిన మాటకు మిగతా సగం మెదడు అల్లుకుంటుంది కాబోలు. ఆమెకు చెవియంత్రం ఎవరు కొనిస్తారు? వయసు మళ్లినవారికి మందు చిన్న మోతాదులో ఇవ్వాలని తెలిసి, అది తెచ్చి వేళకు ఇచ్చేదెవరు? వర్గ దృష్టి వున్న రచయిత అడగవలసినవి ఇవీ.

ఇక్కడ నాకు ఇబ్బంది కలిగించే ఉదాహరణ ఒకటి చెప్పాలి. ఈవ్‌లిన్ వా రాజకీయాల్లో పచ్చి సంప్రదాయవాది. 1954లో సిలోనుకు ఓడప్రయాణంలో ఆయనకు గొంతులు వినిపించాయి. 1957లో దాన్నే ‘ది ఆర్డీల్ ఆఫ్ గిల్బర్ట్ పిన్‌ఫోల్డ్’ నవలగా రాశాడు. ఆయనది స్కిజోఫ్రెనియా కాదు, నిద్రకోసం తాగిన బ్రోమైడ్ విషం. మందు మానాక గొంతులూ మానాయి. ఆ తేడా తేడాయే. అయినా గోడలోంచి మాటలు వినిపించే నడివయసు మనిషి లోపలి నిర్మాణం ఇంత నిక్కచ్చిగా చూపిన నవల నేను మరొకటి చదవలేదు. పిన్‌ఫోల్డ్ తర్కం చెడదు. చెడకపోవడమే అతని బాధ. యుద్ధకాలంలో ఓడలో వేసిన తీగలేవో తన గదిలోకి మాటలు మోసుకొస్తున్నాయని లెక్క తేలుస్తాడు. ఒక లెక్క తప్పితే ఇంకోటి కడతాడు. తిట్టే గొంతులతో మర్యాద తప్పకుండా వాదిస్తాడు.

రాజపక్షపాతి అయిన బాల్జాక్ తన అభిమానాలకు ఎదురెళ్లి వాస్తవం చూపాడని 1888లో ఎంగెల్స్ ఒక ఉత్తరంలో రాశాడు. మనం ఆ ఉత్తరాన్ని తరచుగా ఉదహరిస్తాం, తక్కువగా పాటిస్తాం. వా దగ్గర కూడా లోపముంది: పిన్‌ఫోల్డ్‌కు భార్య వుంది, డాక్టరు వున్నాడు, విమానం టిక్కెట్టుకు డబ్బుంది, చివరకు రాసుకునేందుకు కలం వుంది. ఒంటిగది ముసలమ్మకు ఇందులో ఏదీ లేదు. ఆ లేమిని రాయగలిగింది మనవాళ్లే. రాయాలంటే ముందు పిన్‌ఫోల్డ్ తర్కమంత బలమైన తర్కం ఆమెకూ వుందని ఒప్పుకోవాలి.

ఆ యువరచయిత కథ తిరగరాస్తున్నాడని విన్నాను. కొడుకు పేరు మరిచిపోయే పేజీ తీసేశాడట. ఆమె పొగ రాకుండా గోడ బీటలో గుడ్డపీలికలు కుక్కుతూ, ఎన్ని పట్టాయో లెక్క రాసుకుంటుందట. చెవుడు సంగతి ఇంకా ఎక్కడా రాలేదు.