అతుకు కనబడని పనితనము

రైలునమూనాల వెనుకనున్న కొండలను, పొలములను, మేఘములను జూచి మురియువారు పెక్కండ్రు గలరు గాని, ఆ దృశ్యము పలు అచ్చుకాగితముల కూర్పనియు, వాని నడిమి యతుకులు తమ కంటికి చిక్కలేదనియు గ్రహించి ఆ పనివానికి చేతులు జోడించువారు అరుదు. నా మట్టుకు ఈ కళకు గీటురాయి అతుకే.

ఈ విద్య బాగుగా పండిన నేల ఇంగ్లండు. అట్టతోడను కాగితముతోడను జాన్ అహెర్న్ నిర్మించిన మాడర్ వ్యాలీ అను రైలునమూనా నేటికిని ఆక్స్‌ఫర్డ్‌షైరులోని పెండన్ ప్రదర్శనశాలలో నిలిచియున్నది. 1925లో ఆస్ట్రేలియానుండి వచ్చిన రాయ్ ఇంగ్లండ్ అను నాతడు, మారిపోవుచున్న పల్లెయిండ్లను జూచి తల్లడిల్లి, వాని రూపమును నిలుపుటకై 1954లో ఆ శాలను స్థాపించెను. అచట అట్టపై నీటిరంగులతో తీర్చిన గోడలను జూచినవాడు ఇక కాగితమును చిన్నచూపు చూడజాలడు!

పెండన్ నమూనాల కొలత నిజపరిమాణములో 76వ వంతు. ఆ లెక్కను ఒక ఇటుకవరుస యెత్తు ఇంచుమించు 1 మిల్లీమీటరు, 0.1 మిల్లీమీటరు మందముగల కాగితపు టంచు నిజపుగోడపై 7.6 మిల్లీమీటర్ల గట్టుతో సమానము. కావుననే నిపుణుడు మొదట రెండు కాగితములను బొమ్మ కలియునట్లు ఒకదానిపై నొకటి పరచి, ఆకాశము మీదుగా నిలువుకోత కోయక, కంచెయో, కప్పుటంచో, చెట్టుమానో చిత్రములో ముందే యున్న గీత ననుసరించి, కొత్త కత్తితో రెంటిని ఒక్కమారే కోయును; అట్లు కోసిన యంచులు చిరిగిన పట్టుచీరకు రఫూ చేసినట్లు ఒదిగిపోవును. ఒకదానిపై నొకటి ఎక్కించక తప్పనిచోట పైకాగితపు వెనుకయంచును గరుకుకాగితముతో పలుచన చేసి, తెల్లని కోతను నీటిరంగుతో కప్పును. నీరెక్కువైన జిగురు కాగితమును ఉబ్బించి, ఆరినపిదప సందు విడదీయును గనుక దానిని దరిజేరనీయడు. ఇటుకగోడయైనచో ఇటుకల కొసలవెంట పలువరుసగా కోయును, లేదా వాననీటిగొట్టము చాటున అతుకును దాచును. ఇక ఆకాశమును వెనుకబల్లపై ఏకముగా చిత్రించి, కొండలను మాత్రము శిఖరరేఖవెంట కత్తిరించి యంటించుటకంటె మేలైన యుపాయము లేదు.

ఇంతటి విద్యకు నేడు పట్టిన గతి యేమి! ఒకే కాగితమును వరుసగా నాలుగుమారులంటించి, అదే మేఘమును, అదే ఆవును నాలుగుచోట్ల నిలిపి, సందు కనబడినచోట పొదనొకదానిని గుచ్చి, పని ముగిసెనని చేతులు దులుపుకొనుచున్నారు. మెరుపుకాగితముపై ముద్రించిన రెండు నీలిరంగులు పొసగకున్నను సిగ్గుపడుట లేదు. పొడుగుచుట్టగా అచ్చయిన దృశ్యమును కొని, అతుకే లేదని గర్వించువారును గలరు. అతుకు లేకుండుట వేరు, అతుకును జయించుట వేరు. కంచె యెచట విరుగునో, కొండ యెచట వాలునో గమనించుట అతుకుతో పెనగులాడినవానికే అలవడును. చుట్ట విప్పి యంటించినవానికి ఆ చూపు రాదు.

నమూనాల ప్రదర్శనలు జరుపు పెద్దలారా! బహుమతు లీయుటకు ముందు అడ్డముగా నాటిన పొదలను తీయించి, దీపమును ప్రక్కనుండి వాలుగా పట్టి చూడుడు. ఎదురువెలుగులో దాగిన గట్టు ఆ వాలువెలుగులో నీడయై బయటపడును. ఆ పరీక్షకు నిలిచిన పనినే మెచ్చుడు. నిలువనిదానిని ఎంత సొగసైనను మెచ్చకుడు. చిన్నవారికి అచ్చుకాగితముతోపాటు కత్తి పట్టుటయు నేర్పుడు.