కృతజ్ఞతల పేజీ

పరీక్షకులు థీసిస్‌ను ఫలితాల నుంచి చదువుతారేమో, నేను మాత్రం కృతజ్ఞతల పేజీ నుంచి మొదలుపెడతాను. తిరుపతిలో 1954 నాటి వెంకటేశ్వర, 1983 నాటి పద్మావతి మహిళా విశ్వవిద్యాలయాల్లో బయోకెమిస్ట్రీ, జువాలజీ వంటి విభాగాల్లో స్త్రీలు రాసిన థీసిస్‌లు కొన్నేళ్లుగా తిరగేస్తున్నాను. లోపలంతా ఇంగ్లీషు కర్మణి వాక్యాలే. కాలేయం తీయబడుతుంది, ఎంజైము కొలవబడుతుంది. ఆ ఎలుకను పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెలియదు. 'నేను' అనే మాట వినిపించేది ఆ ఒక్క పేజీలోనే. అందుకే దాన్ని ఆత్మకథగా చదవాలంటాను.

ఆ ఆత్మకథకూ ఒక మూస ఉంది. ముందు ఏడుకొండలవాడు, తరువాత గైడు, విభాగాధిపతి, ఫెలోషిప్ ఇచ్చిన సంస్థ, తల్లిదండ్రులు, పెళ్లయితే భర్త, అత్తమామలు. (వరసలో దేవుడు ముందున్నా విశేషణాల్లో గైడుదే పైచేయి.) భర్తకు కృతజ్ఞత ఎందుకంటే, చదవనిచ్చినందుకు. నేను చూసిన మగవాళ్ల థీసిస్‌లలో భార్యకు చెప్పేది, ఓర్చుకున్నందుకు. ఈయన అనుమతించాడు, ఆవిడ భరించింది. హక్కుగా ఉండాల్సింది దయగా మారడం ఈ రెండు క్రియల్లోనే జరిగిపోతుంది.

ఈ 'ఇవ్వడం' ఇవాళ్టిది కాదు. 1933లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో చేరబోయిన కమలా భగవత్‌ను (తర్వాత కమలా సోహోనీ) సి.వి.రామన్ మొదట కాదన్నారు. ఆమె పట్టుబట్టాక ఏడాది పరీక్షాకాలం షరతుతో చేర్చుకున్నారు.

ఇవే థీసిస్‌లలో 'పద్ధతులు' అధ్యాయంలో తరచూ కనిపించే తెలుగు పేరు ఒకటుంది: ఫిస్కే-సుబ్బారావు, 1925. కణజాలంలో ఫాస్ఫరస్ ఎంతుందో నీలిరంగు చిక్కదనాన్ని బట్టి చెప్పే పద్ధతి. మాలిబ్డేట్ కలిపి, రంగు తేరేదాకా ఆగి, కలరీమీటరులో రీడింగు తీయడం ఇక్కడి ఎంతోమంది అమ్మాయిల చేతికి అలవాటైన పని. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు 1920ల మొదట్లో హార్వర్డుకు వెళ్లారు, 1948లో చనిపోయేదాకా తిరిగి రాలేదు. రాత్రులు ఆసుపత్రిలో చాకిరీ చేస్తూ పరిశోధన సాగించిన ఆ కథ గొప్పదే. ప్రయాణానికి డబ్బు సర్దినవాళ్లలో మామగారున్నారు. ఇక్కడ భార్య శేషగిరి ఉండిపోయారు. వాళ్ల బిడ్డ పసితనంలోనే పోయాడు. మనం చెప్పుకునే కథలో ఆమెకు దక్కేది 'త్యాగమూర్తి' అన్న ఒక్క మాట.

రాత్రంతా ప్రయోగశాలకే ఇవ్వగలిగిన మనిషిని ఆదర్శంగా నిలబెట్టి, హాస్టల్ గేటు మూసేలోపు ఇంక్యుబేషన్ ముగించాల్సిన అమ్మాయిని ఆయనతో తూచడం ఎలా కుదురుతుంది? ఎలుకలకు ఆదివారం లేదు, బ్రహ్మోత్సవాలు లేవు. చిత్తూరు నుంచో పుత్తూరు నుంచో రోజూ బస్సులో వచ్చే పిల్లకు ఆఖరి బస్సు ఉంది. అది ఏ పట్టికలోకీ ఎక్కదు.

మూస తప్పిన పేజీ ఒకటి చూశాను, ఎక్కడిదో చెప్పను. తను పురిటికి పుట్టింటికి వెళ్లినప్పుడు మూడు వారాలు ఎలుకలకు మేత వేసి, బరువులు తూచి, మోతాదులు తప్పకుండా ఎక్కించిన రూమ్‌మేట్ పేరు, చేసిన పనులన్నిటితో సహా రాసింది. తరువాత పంజరాలు కడిగిన అటెండరమ్మ. ఆ తరువాతే గైడు, ఆపైన భర్త. వైవాలో దాని గురించి ఎవరూ అడగలేదట.