పెంకు మీద మైనపు గీత

ఉక్రెయిన్ వాళ్ల పిసంకను చూసి చాలామంది రంగులద్దిన గుడ్డు అనుకుంటారు. చేసేవాళ్ల పక్కన పది నిమిషాలు కూర్చుంటే ఆ భ్రమ తీరుతుంది. అక్కడ కుంచె ఉండదు. పుల్లకు బిగించిన చిన్న లోహపు గరాటు ఉంటుంది, దాన్ని కిస్త్క అంటారు. కొవ్వొత్తి మంటలో దాన్ని కాచి, తేనెమైనం తీసుకుని, కరిగిన మైనంతో పచ్చి గుడ్డు పెంకు మీద గీస్తారు. మొదట గీసేది చివరికి తెల్లగా మిగలాల్సిన భాగం. అప్పుడు గుడ్డు పసుపులో మునుగుతుంది. పసుపుగా ఉండాల్సిన చోట మళ్లీ మైనం. తర్వాత నారింజ, ఎరుపు, ఆఖరికి నలుపు. అప్పటికి చేతిలో ఉండేది మసిబారిన ముద్ద, చూడ్డానికి ఏమీ ఉండదు. మంట పక్కన వెచ్చబెట్టి మెత్తటి కాగితంతో తుడుస్తుంటే ఒక్కో రంగూ బయటపడుతుంది. మంట పైన పెడితే మసి పడుతుంది, పక్కనే పెట్టాలి.

మన కోరమాండల్ తీరపు కలంకారీ పనివాళ్లు నీలిరంగు వేసేటప్పుడు బట్టకు మైనం పట్టించేవాళ్లు. సూత్రం అదే. కానీ బట్టను పరుచుకోవచ్చు. గుడ్డు దొర్లుతుంది, పగులుతుంది, రెండు కొసలూ ఒకేలా ఉండవు. అందుకే చేయి తిరిగినవాళ్లు కిస్త్కను దాదాపు కదపరు, గుడ్డునే తిప్పుతారు. పెంకు మీద గీతలతో గళ్లు విడదీసి 40 త్రిభుజాలు నింపే ‘సొరొకొక్లిన్’ నమూనా చూడండి. ఎక్కడా గీత వణకదు, త్రిభుజం పక్కకు జరగదు. హుత్సుల్ కొండల్లోని కొస్మాచ్ గ్రామం వాళ్ల సన్నగీతల పనైతే భూతద్దం పెట్టి చూడాల్సిందే! మైనం ఒక్క చుక్క తప్పి పడిందా, దాన్ని నమూనాలో కలుపుకోగలిగినవాళ్లే పనిమంతులు.

ఈ విద్య అట్లాంటిక్ దాటింది పేదల మూటల్లో. 1891లో ఇవాన్ పిలిపివ్, వాసిల్ ఎలెనియాక్ అనే ఇద్దరు ఉక్రేనియన్లు కెనడా చేరారు. 1914 నాటికి, అప్పట్లో ఆస్ట్రియా ఏలుబడిలో ఉన్న గలీసియా, బుకోవినా ప్రాంతాల నుంచి సుమారు 1.7 లక్షల మంది వచ్చి ప్రెయిరీ నేలను దున్నారు. దానికి దక్కిన మర్యాద ఏమిటి? మొదటి ప్రపంచయుద్ధం రాగానే, ఆస్ట్రియా పౌరులన్న సాకుతో వేలమందిని శత్రువులుగా నమోదు చేశారు. నిర్బంధ శిబిరాల్లో పెట్టిన 8,579 మందిలో ఎక్కువమంది ఉక్రేనియన్లే. 1916లో మానిటోబా బళ్లలో వాళ్ల భాషా పోయింది. అటు స్వదేశంలో సోవియట్ పాలకులు పిసంకను మతాచారమని అణగదొక్కారు. ఆ కాలమంతా దీన్ని బతికించింది ఆల్బర్టా, మానిటోబా వంటిళ్లలో, చర్చి హాళ్లలో కూర్చున్న ఆడవాళ్లు. 1964లో సెనేటర్ పాల్ యూజిక్ బహుళ సంస్కృతుల కెనడా గురించి మాట్లాడారు, 1971లో ప్రభుత్వం ఆ విధానాన్ని ప్రకటించింది. మంచిదే. కానీ అప్పటికి ఈ ఆడవాళ్లు ఎవరి అనుమతీ అడక్కుండా డెబ్భై ఏళ్లకు పైగా మైనం కరిగిస్తూనే ఉన్నారు. పొరుగున అమెరికాలో, మినియాపోలిస్‌లో మారీ ప్రొకాయ్, ఆమె కూతురు లూబా పెర్చిషిన్ దుకాణం పెట్టి, పుస్తకాలు రాసి, ఉక్రేనియన్లు కానివాళ్లకూ ఈ పని నేర్పారు. వాళ్లకు ఎంత రుణపడినా తక్కువే.

ఇక వెగ్రెవిల్ పిసంక. ఎడ్మంటన్‌కు తూర్పున సుమారు 100 కిలోమీటర్ల దూరంలో, 1975లో నిలబెట్టిన అల్యూమినియం గుడ్డు. పొడవు దాదాపు 8 మీటర్లు. గుడ్డు ఆకారాన్ని పలకలతో ఎలా కప్పాలో చెప్పే సూత్రం అప్పటికి లేదు. యూటా విశ్వవిద్యాలయానికి చెందిన రోనాల్డ్ రెష్ కంప్యూటర్‌తో లెక్క కట్టి, 2,200కు పైగా సమబాహు త్రిభుజాలు, 524 మూడుకోణాల నక్షత్రాలు అమర్చాడు. అంత బరువూ గాలికి తిరుగుతుంది. దాన్ని రోడ్డుపక్క వింతగా చూసి నవ్వేవాళ్లంటే నాకు సహనం లేదు. ఒకప్పుడు శత్రువులని ముద్ర వేయించుకున్నవాళ్ల గుడ్డు అది, కట్టిందేమో ఆ దేశపు మౌంటెడ్ పోలీసుల శతాబ్ది గౌరవార్థం!

2024 డిసెంబరులో యునెస్కో జాబితాలో పిసంక చేరింది, ఉక్రెయిన్, ఎస్తోనియాల పేరిట. ఆ జాబితాకు మూలమైన ఒప్పందంలో కెనడా ఇంకా చేరనే లేదు. నూట ముప్ఫై ఏళ్ల వంటిళ్ల శ్రమకు ఇదా విలువ?

అంతకన్నా మండేది నకిలీలను చూసినప్పుడు. అచ్చేసిన ప్లాస్టిక్ తొడుగును గుడ్డుకు వేసి వేడినీళ్లలో ముంచితే అతుక్కుపోతుంది, అర నిమిషం పని. యంత్రం మీద తిప్పి రంగు పూసిన కొయ్యగుడ్లు బుట్టలకొద్దీ ఉంటాయి. పిల్లలు ఆడుకోవడానికైతే సరే. పిసంక పేరు పెట్టి అమ్మడం మాత్రం దగా. ఒక గుడ్డు మీద గంటలు గడిపిన ముసలమ్మ ఈ ధరతో ఎలా పోటీ పడుతుంది? ఆమె మానేస్తే మనవరాలికి నేర్పేదెవరు?

ఎడ్మంటన్, టొరంటోల్లో మన తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు. ఈస్టరుకు ముందు ఉక్రేనియన్ చర్చి హాళ్లలో ఈ పని నేర్పుతుంటారు, ఎవరైనా వెళ్లవచ్చు. పిల్లల్ని తీసుకెళ్లండి. కొనేటప్పుడు నిజమైన పెంకేనా, మైనంతో గీసిందేనా అని అడగండి. సొన తీయకుండా ఉంచిన పాత పిసంకను మెల్లగా కదిపితే, లోపల ఎండిన సొన గలగలమంటుంది. చేసినవాళ్ల పేరు కనుక్కుని, బేరమాడకుండా, వాళ్ల చేతికే డబ్బివ్వండి.