బాయి మీద చదువరి

బొగ్గుగనుల జీవితాన్ని గురించి తెలుగులో సాహిత్యం లేదని ఎవరూ అనజాలరు. అల్లం రాజయ్య కథలూ, సింగరేణిలో పనిచేస్తూనే కలం పట్టిన తుమ్మేటి రఘోత్తమరెడ్డి కథలూ లేకపోతే, దూరాన కూర్చున్న పాఠకులకు గోదావరిఖని అంటే పటంలో ఒక చుక్కగానే మిగిలివుండేది. ఈ సాహిత్యం సమ్మెను చూపింది, ప్రమాదాన్ని చూపింది, అప్పునూ సారానూ చూపింది. అన్నీ చూపవలసినవే. అయితే ఒక మనిషి మాత్రం ఇందులో సరిగా కనిపించడు, కనిపించినా రెండు వాక్యాలసేపు నిలవడు. అతడు చదువుతున్న కార్మికుడు.

మిత్రులు వెంటనే అభ్యంతరం చెబుతారు: సంఘనాయకుడు కార్మికుని చేతికి పుస్తకం ఇచ్చే ఘట్టం మన కథలలో లేదా అని. వున్నది. నా అభ్యంతరం కూడా దానిమీదనే. ఆ ఘట్టంలో పుస్తకం మందుసీసావలె పనిచేస్తుంది. సాయంత్రం పుచ్చుకున్నవాడు తెల్లవారేసరికి చైతన్యవంతుడై లేస్తాడు. అతడు ఎన్ని పంక్తులు చదివి నిద్రపోయాడో, ఏ మాట దగ్గర ఆగి పక్కింటి పిల్లవాణ్ణి అర్థం అడిగాడో, ఏ పేజీని నమ్మలేదో రచయితకు అక్కరలేదు. చదవడం కూడా ఒక శ్రమే. దానికి వేళ కావాలి, వెలుతురు కావాలి, అలసి కూలబడని దేహం కావాలి. భౌతికవాదులమని చెప్పుకునే మనమే ఈ సంగతి మరిచిపోవడం విడ్డూరం.

కాసిపేటను తీసుకుందాము. పాత ఆదిలాబాదు జిల్లాలో వుండి, 2016 విభజనలో మంచిర్యాల జిల్లాకు వచ్చిన మండలం ఇది. మందమర్రి ఏరియా కింద కాసిపేట 1, కాసిపేట 2 భూగర్భ గనులు. మరొకవైపు దేవాపూర్ సిమెంటు కర్మాగారం. వాటికి ఆవల గోండు, కొలాం గూడేలు. 1952 నాటి గనుల చట్టం భూగర్భంలో పనికి రోజుకు ఎనిమిది గంటల హద్దు పెట్టింది. ఆ ఎనిమిది గంటలలో కార్మికుడికి చదువుకునే అక్షరమన్నది లేదు. అగ్గిపెట్టెతోపాటు సెల్‌ఫోను కూడా పైనే వదిలి దిగాలి. లోపల చదవవలసింది కప్పును. తట్టి, మోగిన చప్పుడునుబట్టి రాయి గట్టిగా వున్నదో వదులైనదో తెలుసుకోవాలి. 1865లో హవానాలోని చుట్టల కర్మాగారాలలో కార్మికులు తమలో ఒకణ్ణి పీటమీద కూర్చోబెట్టి, పత్రికలూ నవలలూ బిగ్గరగా చదివించుకుంటూ పనిచేసుకునే పద్ధతి మొదలైంది. అది చూసి భయపడిన స్పెయిన్ పాలకులు మరుసటి సంవత్సరమే నిషేధించారు. బొగ్గుబాయిలో అటువంటి ఏర్పాటుకు చోటే లేదు. అక్కడ చెవి కప్పుకు తాకట్టు.

కనుక చదువు జరిగేది బాయి మీద. షిఫ్టు దిగి, మస్టరు గొడవ ముగిసి, చాయ్ హోటల్ బల్ల దగ్గర. ఒక పత్రిక అక్కడ నాలుగు ముక్కలవుతుంది. ఒకడు చదువుతాడు, ముగ్గురు వింటారు. చదివేవాడికన్నా వినేవాళ్లే ఎక్కువ వ్యాఖ్యానిస్తారు. ఈ బల్లను మన విమర్శకులు పరిశీలించివుంటే ఒక ముఖ్యమైన మార్పును ముందే పసిగట్టివుండేవాళ్లు. 1989లో 'ఈనాడు' జిల్లా అనుబంధాలు మొదలుపెట్టింది, మిగతా పత్రికలు అదే దారి పట్టాయి. పక్క వూరి బోరుబావి గురించి, తమ కాలనీ డ్రైనేజీ గురించి అచ్చులో చూసుకోవడం కార్మికుడికి కొత్త సంబరం. దాన్ని తక్కువ చేయనక్కరలేదు. కాని సింగరేణి గనులు నేడు ఆరు జిల్లాలలో వున్నాయి. కంపెనీ ఒకటే, వేతన ఒప్పందం ఒకటే. వార్త మాత్రం జిల్లాకొకటి. కొత్తగూడెం బాయిలో నిన్న జరిగింది కాసిపేట చాయ్ బల్లమీదికి రావాలంటే ఎవరైనా చచ్చిపోవాలి. కార్మికవర్గ ఐక్యతమీద మనం ఎన్నో తీర్మానాలు చేసుకున్నాము, ఈ పేజీల విభజనమీద ఒక వ్యాసం రాసుకోలేదు.

అన్నిటికన్నా శ్రద్ధగా చదవబడే రచన ఏది? కవిత్వం కాదు, కరపత్రమూ కాదు, జీతపు చీటీ. దానిలో కాలమ్‌ల పేర్లు ఇంగ్లీషు పొట్టి అక్షరాలు: బేసిక్, వి.డి.ఎ., సి.ఎం.పి.ఎఫ్. అక్షరం రాని తరంవాళ్లు కూడా ఏ గడిలో ఏ అంకె వుండాలో గుర్తుపట్టి, ఒక నాగా ఎక్కువ పడితే గుమాస్తాను నిలదీసేవాళ్లు. దీన్ని చదువు కాదని అనగలవాళ్లు ఎవరు? ఆ చీటీలోనే ఒక అవకాశం వున్నది కూడా. వేల్సు బొగ్గు కార్మికులు తమ కూలిలో పౌనుకు ఇన్ని పెన్నీలని కోయించుకొని సొంత గ్రంథాలయాలు కట్టుకున్నారు. ట్రెడెగార్‌లోని అటువంటి గ్రంథాలయంలో చదువుకున్న గనికార్మికుడు అన్యూరిన్ బెవాన్. 1948లో బ్రిటన్ జాతీయ ఆరోగ్యసేవను నెలకొల్పిన మంత్రి అతడే.

ఇక ఇల్లు. రాత్రి షిఫ్టు చేసిన మనిషి పగలు నిద్రపోతాడు. రెండు గదుల క్వార్టర్‌లో ఆ నిద్రకు అందరూ కాపలా. పిల్లలు పాఠం బిగ్గరగా వల్లె వేయడానికి వీలులేదు. ఆయన భార్య ఆ నిశ్శబ్దంలోనే, అద్దెకు తెచ్చుకున్న నవలనో వారపత్రికనో తిరగేసేది. ఆ నవలలను మనం పలాయనవాదమని కొట్టివేశాము. వాటిలో కార్లూ బంగళాలూ వున్న మాట నిజమే, నేను వాటిని వెనకేసుకు రావడం లేదు. కాని ఆమె రోజుమొత్తంమీద తనదని చెప్పుకోగల ఆ ఒక్క గంటను ఆ రచయిత్రులు పట్టుకోగలిగారు, మనం పట్టుకోలేకపోయాము. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా వాచకంలోని ఒక చిన్న పాఠం ఆడవాళ్లను సారా దుకాణంమీదికి నడిపించింది. అది మందుసీసా కాదు. తమ ఇంటి సాయంత్రమే అచ్చులో కనిపించింది, అంతే.

మధ్యతరగతి యువకుని చదువుమీద మనకు ఒక పూర్తి నవల వున్నది. కొడవటిగంటి కుటుంబరావు 'చదువు'లో సుందరం బడినుంచి కాశీ విశ్వవిద్యాలయందాకా నడిచిన తోవ అంతా కనిపిస్తుంది. కార్మికుని చదువుకు అటువంటి చరిత్ర ఎవరు రాశారు? గోర్కీ రాశాడు. వోల్గా స్టీమరులో వంటవాడు స్మూరీ పెట్టెనిండా పుస్తకాలు దాచుకొని, గిన్నెలు తోమే కుర్రవాడిచేత చదివించుకుంటాడు; కొన్నిటికి విసుక్కుంటాడు, కొన్నిటికి కన్నీళ్లు పెట్టుకుంటాడు. మనకూ స్మూరీ లేకపోలేదు. ఇళ్లలో వంటపని చేస్తూ అక్షరాలు పట్టుకున్న వట్టికోట ఆళ్వారుస్వామి 1938లో దేశోద్ధారక గ్రంథమాల స్థాపించి, పుస్తకాల మూట మోస్తూ గడపగడపకూ తిరిగి అమ్మాడు. 'ప్రజల మనిషి' రాసిన నవలాకారుడిగానే ఆయనను స్మరిస్తున్నాము. కొన్నవాడు ఏమన్నాడో, కొననివాడు ఎందుకు కొనలేదో గడపదగ్గర నిలబడి విన్న రచయిత అని ఎవరూ ఎత్తిచెప్పరు. ఆయన భాష తేటగా వుండటానికి సగం కారణం ఆ మూటే అని నా అభిప్రాయం.

2003 జూన్ 16న గోదావరిఖనిలో 7 ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది చనిపోయారు. మరుసటి రోజు పత్రికలో ఆ పేర్లను బొగ్గుబెల్టంతా చదివింది. కవితలు రాయడం మన విధి. అయితే ఆ 17 మంది జూన్ 15న ఏమి చదివారు, ఏ వార్తమీద వాదులాడుకున్నారు, ఎవరి కొడుకు మార్కుల కాగితాన్ని ఎన్నిసార్లు మడిచి విప్పారు? ఇది తెలియని కవితలో వాళ్లు చనిపోవడానికే పుట్టినట్లు కనిపిస్తారు.

1990 దశకం ఆరంభంలో లక్ష దాటిన సింగరేణి కార్మికుల సంఖ్య ఇప్పుడు అందులో సగంకన్నా తక్కువ. తట్టా చెమ్మస్ పట్టిన తరం దాదాపు వెళ్లిపోయింది. తండ్రి వుద్యోగంలోకి బదిలీ వర్కరుగా వస్తున్న కొడుకు డిగ్రీ చదివినవాడు, కొన్నిచోట్ల ఇంజనీరు. అతని సంచిలో అన్నం గిన్నె పక్కన పోటీపరీక్షల గైడు వుంటుంది. షిఫ్టు బస్సులో ఇరవై నిమిషాలు, ప్లే డే నాడు మధ్యాహ్నం అతడు చదువుకునే వేళలు. అతణ్ణి అక్షరాలు నేర్పవలసిన మనిషిగా భావించే కథను అతడు రెండో పేరా దాటి చదవడు. ఈ పత్రికను ఆ బస్సులో ఒకసారి అతని చేతికిచ్చి, ఏ వ్యాసం దగ్గర మూసివేశాడో అడిగి రావాలి. మన తదుపరి సంచికకు ముందే ఆ పని జరగాలని నా ప్రతిపాదన.