వంక చూసొస్తా

వాన పడితే చాలా తెలుగు కథల్లో మనిషి ఇంట్లోకి వస్తాడు. కిటికీ, కాఫీ, పకోడీలు, ఒక పాత జ్ఞాపకం. మా వైపు వాన పడితే మనిషి బయటికి పోతాడు. ఈ తేడా నాకు చాలా ఆలస్యంగా, అదీ కరెంటు పోవడం వల్ల తెలిసింది.

పోయిన శ్రావణంలో ప్రొద్దుటూరు దగ్గర మా ఊర్లో కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నా. మధ్యాహ్నం వాన అందుకుంది. కరెంటు పోయింది, కాసేపటికి నెట్టూ పోయింది. చిరాగ్గా చెప్పులేసుకుంటుంటే అమ్మ, "యాడికిబ్బీ ఇంత వానలో?" అంది. "వంక పారుతాందేమో చూసొస్తామ్మా" అన్నా. చిన్నప్పుడు మా నాయన అనే మాట అది.

వంతెన దగ్గరికి పోతే సగం ఊరు అక్కడే ఉంది. గొడుగులు తక్కువ, మడిచి తలకు తగిలించుకున్న యూరియా సంచులు ఎక్కువ. బురదనీళ్ళు పారుతున్నాయి. ఎవరూ ఏమీ చేయడం లేదు, చూస్తున్నారంతే. ఒక పెద్దాయన పిల్లోడిలా నవ్వుతున్నాడు. ఓ ఐదు నిమిషాల తర్వాత ఎవరో "పదునైనట్టేనా?" అన్నారు. ఇక విత్తనాలు, అప్పులు, లెక్కలు మొదలయ్యాయి.

మన సీమ కథ సాధారణంగా ఆ ప్రశ్న దగ్గర మొదలవుతుంది. నేను అడిగేది ఆ ముందరి ఐదు నిమిషాల గురించి.

తప్పు కథకులది కాదు. కేతు విశ్వనాథరెడ్డి 'నమ్ముకున్న నేల', సింగమనేని నారాయణ 'జూదం': సేద్యం ఎంత నమ్మకమో, ఎంత పందెమో ఆ పేర్లే చెప్తాయి. ఏడాదికి 700 మిల్లీమీటర్లకు అటూ ఇటూ పడే వాన, అదీ అదనుకు రాకపోతే ఏం లాభం? నీళ్ళ వాటా కోసం దశాబ్దాలుగా అడుగుతున్న చోట కథ కూడా సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది. బోనులో నిలబడి నవ్వితే కేసు పోతుందని భయం. ఇబ్బంది ఏంటంటే, ఆ అవసరాన్ని మేం విమర్శ రాసేవాళ్ళం రూలు చేసేశాం. సీమ కథ అనగానే అందులో కరువు ఉందా లేదా అని వెతుకుతాం.

నేనూ ఆ పని చేశా. 2019లో తానా నవలల పోటీలో బహుమతి పొందిన సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి 'కొండపొలం' మొదటిసారి కరువు నవలగానే చదివా. వానల్లేక గొర్రెల్ని తోలుకుని నల్లమలకు పోయే కాపరులు, వాళ్ళతో పాటు ఉద్యోగం దొరకని ఇంజనీరింగ్ కుర్రాడు. వాడిలో నన్ను చూసుకుని జాలిపడ్డా కూడా. వంక చూసొచ్చాక ఆ పుస్తకం మళ్ళీ తీశా. ఈసారి తెలిసింది, కరువు ఆ నవలకు గడప మాత్రమే. గడప దాటాక అంతా నడక: చెట్లు, గుట్టలు, పులి భయం, ఆ భయం మెల్లగా వదలడం. గతిలేక బయల్దేరిన వాళ్ళకు దారిలో ఆనందం దొరుకుతుంది, రచయిత దాన్ని దాచలేదు. నా అసంతృప్తి ఒక్కటే, ఆ ఆనందం అడవిలో ఉంది. ఊరి వానలో దాన్ని ఎవరు రాస్తారు?

కర్నూలు వైపు చూడండి. తొలకరి పడగానే తుగ్గలి, జొన్నగిరి చుట్టుపక్కల చేలల్లో జనం వజ్రాలు వెతుకుతారు. వేరే జిల్లాల నుంచీ వస్తారు. టీవీకి వజ్రం దొరికినవాడే కావాలి. నాకు మాత్రం ఏమీ దొరక్కపోయినా తడినేల మీద రోజంతా తలొంచుకుని నడిచి, మళ్ళీ ఏడూ వచ్చే మనిషి కథ కావాలి. ఆశ ఒక్కటే వాళ్ళను తెస్తుందనుకోను.

వాన ఎప్పుడూ చుట్టంలా రాదని తెలుసు. 2009 అక్టోబరులో వరద కర్నూలును ముంచింది. 2021 నవంబరులో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి చెయ్యేరు ఒడ్డున ఊళ్ళు కొట్టుకుపోయాయి. సంతోషం గురించి రాయడమంటే వాటిని మరిచిపోవడం కాదు.

ఇదంతా విని ఒక స్నేహితుడు, "నువ్వు నెలజీతగాడివి, నీకు వాన ముద్దుగానే ఉంటది" అన్నాడు. నిజమే. ఆ పెద్దాయన నవ్వు తప్ప నా దగ్గర జవాబు లేదు. ఆయనకు జీతం లేదు, మూడెకరాల శనక్కాయ చేను ఉంది. లెక్క నాకంటే ఆయనకే బాగా తెలుసు. అయినా ముందు నవ్వాడు, తర్వాతే లెక్కేశాడు. మన కథ కూడా ఆ వరసలో చెప్తే బాగుంటుంది.