తిన్నది ఒంటబట్టాలి

తెల్లవారేసరికి కైకలూరు, ఆకివీడు చుట్టుపక్కల చేపల చెరువుల్లో మేత పడవలు కదులుతాయి. నీళ్లలో వరసగా పాతిన వెదురు గెడలకు సంచులు కట్టి ఉంటాయి. వాటి అడుగున చిన్న చిన్న చిల్లులు. పడవ మీది కూలీ ఒక్కో సంచిలో నూనె తీసిన తవుడు, దాంతోపాటు కాస్త వేరుశనగ చెక్కో పత్తి చెక్కో నింపి నీళ్లలోకి వదులుతాడు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల దగ్గర మూతి పెట్టి లాక్కుని తింటాయి. సంచి ఎంత ఖాళీ అయిందో చూసి రైతు మర్నాటి మేత నిర్ణయిస్తాడు.

ఈ పద్ధతి కొల్లేరు రైతుల అనుభవంలోంచి పుట్టింది. తవుడు ఊరికే చల్లితే చాలావరకు బురదపాలవుతుంది. సంచి ఆ నష్టాన్ని తగ్గించింది, చేప ఆకలిని కొలిచి చూపించింది. తిన్నదాంట్లో ఎంత ఒంటబట్టిందో మాత్రం అది చెప్పలేదు. మేత తయారుచేసే విద్య అంతా ఆ ప్రశ్న దగ్గరే మొదలవుతుంది.

శీలావతికి, బొచ్చెకు, ఎర్రమోసుకు జీర్ణాశయమే లేదు.

గొంతు దాటిన మేత నేరుగా పొడవాటి పేగులోకే పోతుంది. ఆమ్లం ఊరదు, తిన్నది దాచుకునే చోటూ ఉండదు. అందుకే ఒక్కసారి కుమ్మరించిన మేత కంటే కొద్దికొద్దిగా పెట్టినదే వాటికి పడుతుంది. తవుడులో భాస్వరం బాగానే ఉన్నా, అందులో ఎక్కువ భాగం ఫైటేట్ రూపంలో బిగుసుకుని ఉంటుంది. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైము చేప పేగులో చాలినంత ఉండదు. చేపకు అందని ఆ భాస్వరం మలంతో నీళ్లలో కలిసి నాచును పెంచుతుంది. నాచు ముదిరిన చెరువులో రాత్రిపూట ఆక్సిజన్ పడిపోతుంది. తెల్లవారుజామున చేపలు పైకి తేలి నోళ్లు తెరిస్తే రైతు గుండె జారిపోతుంది. ఆ కష్టానికి మూలం చాలాసార్లు మేతలోనే ఉంటుంది.

చెక్కల సంగతీ అంతే. వేరుశనగ చెక్కలో ప్రొటీన్ మెండు కానీ లైసిన్, మెథియోనిన్ తక్కువ. తేమ తగిలి బూజు పడితే అఫ్లాటాక్సిన్ చేరుతుంది. పత్తి చెక్కలో గాసిపాల్ అనే విషపదార్థం ఉంటుంది. సోయాను తగినంత వేడి చేయకపోతే అందులోని నిరోధకాలు ప్రొటీన్‌ను అరగనివ్వవు. ఏ ఒక్కటీ సంపూర్ణం కాదు కాబట్టి ఒకదాని లోటు ఇంకొకదానితో పూడ్చాలి. వయసును బట్టి కూడా పాళ్లు మారాలి. చిట్టి పిల్లలకు 35 నుంచి 40 శాతం ప్రొటీన్ కావాలి, పెరిగే చేపకు 25 నుంచి 30 శాతం చాలు. తల్లి చేపల అవసరం మళ్లీ వేరు. భువనేశ్వర్ దగ్గర కౌసల్యాగంగలోని కేంద్ర మంచినీటి చేపల పరిశోధనా సంస్థ వాటి కోసమే ‘సిఫాబ్రూడ్’ మేతను రూపొందించింది.

‘ఫంగస్’ అని పిలిచే పంగాసియస్ చేపల రైతులు తేలే గుళికలకు మళ్లారు. మరలో ఆవిరికి, ఒత్తిడికి పిండిపదార్థం ఉబ్బడం వల్ల ఆ గుళిక తేలుతుంది. చేప తింటోందో లేదో గట్టు మీది నుంచే కనిపిస్తుంది. తవుడుతో పోలిస్తే కిలో ధర ఎక్కువ కాబట్టి చిన్న రైతు, కౌలు రైతు జంకుతారు. ఆ జంకు న్యాయమైనదే. అయితే చూడాల్సింది కిలో మేత ధర కాదు, కిలో చేప పెరగడానికి అయిన మేత ఖర్చు.

ఆంధ్రప్రదేశ్‌లో చేపల మేత నాణ్యతపై 2020లో చట్టం వచ్చింది. ఇంకో అడుగు పడాలి. బస్తా మీద కనిపించే ముడి ప్రొటీన్ అంకె, మేతలోని నత్రజనిని 6.25తో హెచ్చించి తేల్చిన లెక్క. అందులో అరిగేది ఎంతో ఆ అంకె చెప్పదు. అరిగే ప్రొటీన్ ఎంత, చేపకు అందే భాస్వరం ఎంత అన్నది కూడా ప్రతి బస్తా మీదా తెలుగులో అచ్చు వేయించాలి. మేత కొనే ముందు రైతులు ఆ రెండు అంకెలు అడగాలి.